పెద్దల పింఛను, పిల్లల ఉద్యోగం

ప్రశ్న: డిగ్రీ ముగించి అనంతపురంలో గది అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాను. ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 62 ఏళ్లయింది, వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలయింది. ప్రభుత్వం చేసే అప్పులు మాత్రం మా తరం తీర్చాలి. పాలకులు పెద్దల వైపే మొగ్గుతున్నారని అనుకోవడం తప్పా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తప్పు కాదు గాని, మీరు ఒకే గాటన కట్టిన రెండింటినీ విడదీసి చూడవలసి ఉంది. 2014 దాకా నెలకు 200 రూపాయలుగా ఉండి, అంచెలంచెలుగా పెరిగి 2024లో 4,000కు చేరిన వృద్ధాప్య పింఛను, వేరుశనగ చేలలో కూలి చేసి ఒళ్లు అరిగిపోయి, కొడుకులు బెంగళూరుకు వలసపోగా ఊళ్లో మిగిలిన అవ్వాతాతల వంటివారికి దక్కుతున్నది. అది లేకపోతే వాళ్ల మందుల ఖర్చు మీవంటి మనవల మీదే పడుతుంది. దాన్ని తరాల మధ్య తగవుగా చూడటం నాకు సమ్మతం కాదు.

పదవీ విరమణ సంగతి వేరు. రాష్ట్రంలో 58 ఏళ్లుగా ఉన్న వయసును 2014లో 60కి, 2022 జనవరి నుంచి 62కి పెంచారు. పెంచిన ప్రతిసారీ ఖజానాకు గ్రాట్యుటీ వంటి చెల్లింపులు రెండేళ్లు వెనక్కు జరుగుతాయి, ఉద్యోగికి రెండేళ్ల జీతం అదనంగా వస్తుంది; ఆ రెండేళ్లూ ఖాళీలు ఏర్పడక నష్టపోయే నిరుద్యోగి మాత్రం చర్చలో ఎక్కడా ఉండడు, అతనికి సంఘం లేదు కనుక. వాయిదాయే కదా అని సర్దిచెప్పేవారున్నారు. కాని నియామకాలకు గరిష్ఠ వయోపరిమితి ఉన్నంతకాలం, ఆ వాయిదాలో కొందరి అవకాశం శాశ్వతంగా పోతుంది. విరమణ వయసు పెంచే ఉత్తర్వులోనే ఆ పరిమితిని కూడా అన్నేళ్లు పెంచాలని కోరడం న్యాయం.

ఉద్యోగుల పింఛనులోనూ గీత వయసు దగ్గర లేదు, చేరిన తేదీ దగ్గర ఉంది. ఒకే బడిలో పనిచేసే ఇద్దరు ఉపాధ్యాయుల్లో 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారికి పాత పింఛను, తరువాత చేరినవారికి జీతంలో 10 శాతం కోత పడే సీపీఎస్, అంటే ఉద్యోగి కూడా తన వాటా కట్టే పింఛను పథకం.

ఇక అప్పు చేయడమే అన్యాయం కాదు. హంద్రీ-నీవా వంటి కాలువకు తెచ్చిన అప్పును రేపటివారు తీర్చవచ్చు, ఆ నీళ్లు వాళ్ల పొలాలకూ పారతాయి. ఈ నెల ఖర్చులు గడవడానికి తెచ్చిన అప్పుకు ఆ సమర్థన లేదు. బడ్జెట్ పుస్తకంలో కనిపించని అప్పు ఒకటి ఈ జిల్లాలో నేలకింద కూడా పెరుగుతోంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే వాన పడే చోట, 2004 నుంచి ఉచితంగా అందుతున్న కరెంటుతో బోర్లు తోడిన నీటిలో మీ తరం వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు. బోరు వేయడానికి నిబంధనలు పెట్టిన వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. మీరు నిలదీయవలసినవాటిలో అవ్వాతాతల పింఛను కంటే దాని అమలు చాలా ముందుంటుంది.