నిజామాబాద్ నల్ల కూజా మనది కాదండీ!

ప్రశ్న: ఎగ్జిబిషన్‌లో 'నిజామాబాద్ బ్లాక్ పాటరీ' అని బోర్డు చూసి, మన తెలంగాణదే కదా అని ఒక కూజా కొన్నాం. ఒళ్లంతా నలుపు, మీద వెండి గీతలతో ముగ్గు. మట్టి ఎర్రగా ఉండాలి కదా, ఇది పెయింటా? ఇందులో నీళ్లు పోసుకుని తాగొచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఆ నిజామాబాద్ వేరండీ. ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ జిల్లాలో ఉంది, ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు 2015లో వచ్చింది కూడా ఆ ఊరి కుండలకే. అమ్మేవాళ్లు ఈ తికమక గురించి నోరు విప్పరు, బేరం తెగుతుంటే వాళ్లకేం పోయింది!

అసలైనదైతే ఆ నలుపు పెయింట్ కాదు, కాల్పులో వచ్చిందే. బంకమట్టిలో ఇనుము ఉంటుంది. కుండలు కాల్చే ఆవంలో గాలి బాగా ఆడితే ఆ ఇనుము ఆక్సిజన్ పట్టుకుని ఎర్రబడుతుంది, మన పలమనేరు మట్టి బొమ్మలకీ ఇంటి పెంకులకీ ఉన్న ఎరుపు అదే. అదే మట్టిని గాలి దూరకుండా మూసేసి పొగలో మగ్గబెట్టారనుకోండి, ఇనుముకు ఆక్సిజన్ అందదు, పైగా మసి మట్టి రంధ్రాల్లోకి దిగుతుంది, కుండ నల్లగా బయటికొస్తుంది. కాల్చే ముందు ఆవనూనె పట్టించి రుద్దుతారు కాబట్టి ఆ నిగనిగ. నకిలీ అని అనుమానముంటే అడుగున చాకుతో చిన్న గీత గీయండి, పెయింటైతే పొరలా లేచి కింద ఎర్రమట్టి బయటపడుతుంది.

తాగడం మాత్రం వద్దు. పుల్లతో చెక్కిన ఆ గీతల్లో కాల్చాక జింకు, పాదరసం కలిపిన పొడి నింపుతారు, సీసం, తగరం వాడేవాళ్లూ ఉన్నారు. షోకేసులో పెట్టుకోండి, అందంగా ఉంటుంది.

ప్రశ్న: అనంతపురంలో మా అక్కావాళ్ల కుండలో నీళ్లు ఐసులా ఉంటాయి. అలాంటి కుండే కొని తెచ్చుకుంటే ఇక్కడ అంతంతమాత్రం. కుమ్మరి మోసం చేశాడా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పాపం, ఆయన్నేమీ అనకండి. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరైతేనే నీళ్లు చల్లబడతాయి. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 క్యాలరీల వేడి కావాలి, అందులో చాలా భాగం లోపలి నీళ్లలోంచే లాక్కుంటుంది. అనంతపురం ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది, చెమ్మని ఇట్టే పీల్చేస్తుంది. మీ సముద్రపు గాలికి ఒంటి మీద చెమటే ఆరదు, ఇక కుండదేం ఆరుతుంది?

అయినా కొంత చేయొచ్చు. వంటింటి మూల నుంచి తీసి గాలి తగిలే కిటికీ దగ్గర, నీడలో, తడి ఇసుక మీద పెట్టండి. ఫ్యాన్ గాలి తగిలినా మంచిదే. కుండ పైన రంగులూ వార్నిషూ ఉంటే రంధ్రాలు మూసుకుపోయినట్టే, చూడముచ్చటగా ఉందని అలాంటివి కొనొద్దు. పాతబడ్డాక బోరు నీళ్ల ఉప్పు పేరుకుని కూడా చెమర్చడం తగ్గుతుంది, కొబ్బరి పీచుతో గట్టిగా తోమి ఎండబెట్టండి. సబ్బు తగలనివ్వకండి, మట్టి పీల్చుకుంటుంది, తర్వాత నీళ్లన్నీ సబ్బు వాసనే.

ప్రశ్న: పూలకుండీల మీద తెల్లటి పొర వస్తోంది. ఫంగసా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: గరుగ్గా, పొడిగా రాలుతుంటే ఉప్పే, నీళ్లలోదీ ఎరువులోదీ. వెనిగర్ కలిపిన నీళ్లతో బ్రష్ చేస్తే పోతుంది. మెత్తగా, నూగులా ఉంటే మాత్రం ఫంగసే, కుండీని ఎండలోకి జరిపి నీళ్లు తగ్గించండి.