కాకినాడలో అంత సముద్రం ఉండగా నేవీ బేస్ వైజాగ్‌లోనే ఎందుకు పెట్టారు?

ప్రశ్న వేసిన తమ్ముడు కింద ఇంకో మాట కూడా రాశాడు, అమెరికా వాళ్ళు అంత దూరం నుంచి వచ్చి మరీ కాకినాడ బీచ్‌లో విన్యాసాలు చేసి పోతుంటే అక్కడ విక్రాంత్ లాంటి విమానవాహక నౌక పెట్టడానికి మనవాళ్ళకి ఏమొచ్చింది, ఇదంతా రాజకీయం కాదా అని. రాజకీయం సంగతి పక్కన పెట్టండి. బేస్ అక్కడ లేకపోవడానికీ, విన్యాసాలు అక్కడే జరగడానికీ కారణం ఒక్కటేనండి, గోదావరి బురద.

మాది కోనసీమలో ఐ.పోలవరం మండలం. నేవీలో ఇంజిన్ రూమ్ మెకానిక్‌గా చేసి వచ్చేశా, ఇప్పుడు రొయ్యల చెరువులు చూసుకుంటున్నా. సర్వీసులో కొంతకాలం ల్యాండింగ్ షిప్ మీద పనిచేశా, అంటే ట్యాంకుల్నీ జవాన్లనీ మోసుకొచ్చి నేరుగా ఒడ్డుకి ముక్కు ఆనించే రకం ఓడ. కాబట్టి పేపర్లో చదివింది కాకుండా కొంచెం చేతులు నల్లబడ్డ అనుభవంతో చెప్తున్నా.

ముందు వైజాగ్ సంగతి. అక్కడ తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చేస్తాయి, డాల్ఫిన్స్ నోస్ కొండ గోడలా అడ్డం నిలబడుతుంది, ఒడ్డు దాటిన వెంటనే లోతు మొదలవుతుంది. లోపల ఉన్న చిత్తడి నేలని తవ్వి హార్బర్ చేశారు, 1933లో ఓపెన్ చేశారు, కట్టేటప్పుడు అలల ధాటికి అడ్డుగా రెండు పాత ఓడల్ని కావాలని ముంచేశారు కూడా. తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డ్, నేవల్ డాక్‌యార్డ్, తూర్పు నౌకాదళ కమాండ్, ఐఎన్ఎస్ డేగా ఎయిర్ స్టేషన్ అన్నీ అక్కడే పోగుపడ్డాయి. యుద్ధనౌక అంటే అర్ధరాత్రి ఫోన్ వస్తే తెల్లారేసరికి బయటపడి పోవాలి, నీళ్ళు చాలతాయా లేదా అని ఆగి చూసుకునే టైం ఉండదు. విక్రాంత్‌ సంగతే తీసుకోండి, 262 మీటర్ల పొడుగు, నలభై వేల టన్నుల పైమాట, దాని అడుగు ఎనిమిది మీటర్లకి పైనే నీళ్ళలో మునిగి ఉంటుంది, ఆ అడుక్కీ నేలకీ మధ్య మళ్ళీ కొంత ఖాళీ కావాలి, అల లేచి పడినప్పుడు నేల తగలకుండా.

ఇప్పుడు మన కాకినాడ. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి అనీ వశిష్ఠ అనీ పాయలై, మళ్ళీ వాటికి పిల్ల పాయలై సముద్రంలో కలుస్తుంది కదా, ప్రతి వరదకీ ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చిన ఒండ్రంతా మొగల దగ్గర దింపేస్తుంది. ఆ ఇసుకని సముద్రం ఊరికే ఉండనివ్వదు, నైరుతి గాలుల టైంలో ఒడ్డు వెంబడే ఉత్తరానికి తోసుకుపోతుంది, అలా పేరుకుపోయిందే హోప్ ఐలాండ్, రెండు శతాబ్దాల కిందట ఇప్పుడున్నట్టు లేదు అది. ఆ దీవి వల్ల లోపలి నీళ్ళు చెరువులా ప్రశాంతంగా ఉంటాయి, అది లాభమే, కానీ కోరంగి, గాడేరు లాంటి పాయల్లోంచి వచ్చే బురద కూడా ఆ ప్రశాంతమైన నీళ్ళలోనే కూర్చుంటుంది.

కోరంగి అని ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళ్తున్నారు కదా, ఒకప్పుడు అది కాకినాడ కంటే పెద్ద పేరున్న రేవు, ఓడలు కట్టేవాళ్ళు, బర్మా పోయే జనం అక్కడే ఎక్కేవాళ్ళు, రంగూన్‌లో మనవాళ్ళందర్నీ కోరంగీలనే పిలిచేవాళ్ళట. 1789లో ఒకటి, 1839లో ఒకటి ఉప్పెనలు కొట్టాయి, ఆ తర్వాత మేట వేసి రేవు మొత్తం పూడిపోయింది. అంటే నది ఒక పోర్టుని ఇప్పటికే మింగేసిందన్నమాట.

కాకినాడ పాత పోర్టు యాంకరేజ్ పోర్టు. ఓడ దూరంగా లంగరేసుకుని ఉంటుంది, బియ్యం బస్తాలు బార్జీల్లో వేసుకుని వెళ్ళి ఎక్కిస్తారు, ఇప్పటికీ అంతే. 2024లో రేషన్ బియ్యం ఎగుమతి మీద పవన్ కళ్యాణ్ సీజ్ ది షిప్ అన్నాడని అంత గోల జరిగింది కదా, మీమ్స్ చూసి నవ్వుకున్నారు గానీ, ఆ ఓడ దగ్గరికి పడవేసుకుని ఎందుకెళ్ళాల్సి వచ్చిందో ఎవరూ ఆలోచించలేదు, అది ఒడ్డుకి రాదు కాబట్టే ఆయ్. 1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చాక పెద్ద ఓడలు బెర్త్ దాకా వస్తున్నాయి, నిజమే, కానీ అది తవ్విన కాలువ, తవ్వుతూనే ఉండాలి. సరుకు ఓడ ఒక పూట ఆగితే డెమరేజ్ (ఆలస్యానికి జరిమానా) కట్టుకుంటారు, యుద్ధం వచ్చిన రోజు మొత్తం ఫ్లీట్ ఒక్క కాలువ మీద ఆధారపడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇక విన్యాసాల సంగతికి వస్తా, నాకు బాగా తెలిసింది ఇదే.

విమానవాహక నౌక, జెట్లు, మిసైళ్ళు ఇవన్నీ కంటికి బాగుంటాయి, కానీ ఓడలో తెచ్చిన సైన్యం, ట్యాంకులు, మందులు, తాగునీళ్ళు నేల మీద దిగాలంటే ఆఖరి కిలోమీటరే అసలు గండం. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య గోదారి మీద పంటు (బండ్లని దాటించే బల్లకట్టు) ఎక్కినవాళ్ళకి ఇది చటుక్కున అర్థమవుతుంది. నది మధ్యలో ఏ కష్టమూ ఉండదు, రేవులో నీళ్ళు తగ్గిన రోజున పంటు నాలుగు బారల దూరంలోనే ఆగిపోతే లారీ దిగడానికి ఎన్ని తిప్పలు పడతారో చూశారుగా. ల్యాండింగ్ షిప్‌లో అదే తంతు, కాకపోతే లారీ బదులు నలభై టన్నులు దాటిన టీ-72 ట్యాంకు, రేవు బదులు ఎవరూ కట్టని బీచ్, పైగా అవతల ఒడ్డున ఎవడైనా కాల్చొచ్చు.

బీచింగ్ ఎలా చేస్తారంటే, ఒడ్డు ఇంకా కొన్ని వందల మీటర్లు ఉండగానే వెనక వైపు లంగరు వదిలేస్తారు, దాని వైరు వదులుకుంటూ నెమ్మదిగా ముందుకి పోతారు, ఈలోగా బ్యాలస్ట్ ట్యాంకుల్లో (ఓడ బరువు సర్దడానికి నీళ్ళు నింపే ట్యాంకులు) నీళ్ళు అటూ ఇటూ పంపు చేసి ముక్కు పైకి తేల్చుకుంటారు, ముక్కు ఇసుకకి ఆనగానే తలుపులు తెరిచి ర్యాంప్ దించుతారు. బండ్లన్నీ దిగాక ఓడ తేలికవుతుంది కదా, అప్పుడు ఆ వెనక లంగరు వైరుని వించ్‌తో లాక్కుంటూ ఇంజిన్ రివర్స్ వేసి బయటికి వస్తారు. ఆ లంగరు సరిగా పట్టకపోతే గాలికి ఓడ అడ్డం తిరిగి బీచ్‌కి పక్కవాటుగా పడుకుంటుంది, ఇక పోటు మీద టగ్గులు వచ్చి లాగాల్సిందే.

ఇది బ్రిడ్జి మీద ఉన్న ఆఫీసర్ల టెన్షన్. కింద మా టెన్షన్ వేరు. ఇంజిన్‌ని చల్లబరిచేది సముద్రపు నీళ్ళే, ఓడ అడుగున సీ చెస్ట్ అని నీళ్ళు లోపలికొచ్చే అర ఉంటుంది, అక్కడి నుంచి లాక్కుని స్ట్రైనర్ అనే జల్లెడ గుండా కూలర్లకి పంపిస్తాం. లోతు తక్కువ చోట రివర్స్ వేస్తే ప్రొపెల్లర్లు కింద బురదంతా కెలికి మన అడుగు కిందికే తోస్తాయి, అదంతా సీ చెస్ట్‌లోకి వచ్చేస్తుంది. స్ట్రైనర్ నిండుతుంది, ప్రెషర్ పడిపోతుంది, టెంపరేచర్ ముల్లు లేస్తుంది, అప్పుడే పైనుంచి ఇంకా పవర్ కావాలని అరుస్తుంటారు. అందుకే బీచింగ్‌కి ముందే పై సక్షన్‌కి, అంటే అడుగున కాకుండా పైనుంచి నీళ్ళు లాగే దారికి మార్చుకుని, రెండో స్ట్రైనర్ రెడీగా పెట్టుకుని, ఒకటి నడుస్తుంటే ఇంకోటి విప్పి కడుగుతాం. విప్పితే ఏముంటుంది, నల్లటి జిగురు ఒండ్రు, గవ్వలు, ఒక్కోసారి బతికున్న చిన్న రొయ్యలు. మావాళ్ళు పంజాబ్, హర్యానా కుర్రాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, నాకు మాత్రం మా చేలగట్టు వాసనే.

ఈ పని రాళ్ళున్న వైజాగ్ ఒడ్డున నేర్చుకోలేరు, ఓడ అడుగు చీరుకుపోతుంది. వాలు తక్కువగా ఉండి, మెత్తటి ఇసుక, ఎదురుగా ఖాళీ స్థలం, పక్కన రోడ్డు, వైజాగ్ నుంచి కొద్ది గంటల ప్రయాణం, ఇవన్నీ ఉన్న చోటు కాకినాడ బీచ్. 2019 నవంబర్‌లో టైగర్ ట్రయంఫ్ పేరుతో మొదటిసారి అమెరికా మెరీన్లు వచ్చి మనవాళ్ళతో కలిసి దిగింది ఇక్కడే, 2023 జనవరిలో మన త్రివిధ దళాలు సైన్యాన్ని ఒడ్డుకి దింపే విన్యాసం యాంఫెక్స్ ఇక్కడే, 2024 మార్చిలో అమెరికా వాళ్ళు యూఎస్ఎస్ సోమర్సెట్ అనే ఓడతో మళ్ళీ వచ్చారు. మన వైపు నుంచి పెద్దది ఐఎన్ఎస్ జలాశ్వ, దాదాపు 17 వేల టన్నులు, ఇది ఒడ్డుకి రాదు, దూరంగా ఆగి తన వెనక భాగాన్ని నీళ్ళలోకి ముంచుకుంటుంది, గేటు తెరుస్తుంది, లోపలున్న చిన్న ల్యాండింగ్ క్రాఫ్ట్‌లు ట్యాంకులతో సహా తేలుకుంటూ బయటికొస్తాయి. మొదటిసారి చూసినోళ్ళు ఓడ మునిగిపోతోందనే అనుకుంటారు.

హెలికాప్టర్లు ఉన్నాయిగా, బీచ్ మీద ఈ బాధ ఎందుకు అంటారు కొందరు. సీకింగ్ మహా అయితే ఇరవై ముప్పై మందిని తెస్తుంది, చినూక్ పది టన్నులు అటూ ఇటూ ఎత్తుతుంది, ట్యాంకు అందులో నాలుగు రెట్లు. సీ-17 రవాణా విమానం ట్యాంకుని మోస్తుంది గానీ దానికి రన్‌వే కావాలి, రన్‌వే ఉందంటే అప్పటికే ఆ ఊరు మన చేతిలో ఉన్నట్టు. గాల్లోంచి మనుషులు ముందు దిగొచ్చు, బరువు మాత్రం ఇసుక మీద నుంచే రావాలి.

బీచ్‌ని తక్కువ అంచనా వేస్తే ఏమవుద్దో మనకే అనుభవం ఉంది. 1971 డిసెంబర్‌లో, యుద్ధం చివర్లో, కాక్స్ బజార్ దగ్గర మన నేవీ గూర్ఖా జవాన్లని దింపింది. ముందు ఇసుక దిబ్బ, దాని వెనక మళ్ళీ లోతు, ఓడ దిబ్బకి ఆనింది, ఒడ్డు వచ్చేసిందనుకుని దిగినవాళ్ళు లోతులో పడ్డారు, బరువైన సామానుతో కొందరు మునిగి చనిపోయారు. శత్రువు ఒక్క గుండు పేల్చలేదు అక్కడ. ఇలాంటి దిబ్బల వెనక గుంటలు ఎక్కడ ఉంటాయో మా ఒడ్డున భైరవపాలెంలో వల లాగే ఏ ముసలాయన్ని అడిగినా అల విరిగే తీరు చూసి చెప్తాడు, కానీ ఊరు కాని ఊళ్ళో ఆ ముసలాయన మనకి దొరకడు కదండీ.

అమెరికా అయినా అంతే. 1944 జూన్‌లో నార్మండీ దగ్గర ఏకంగా కాంక్రీటు డబ్బాలు తేల్చుకొచ్చి రెండు పోర్టులు కట్టారు, ఆ నెల తిరక్కుండానే తుఫాను వచ్చి అమెరికా వాళ్ళ వైపుది పీకేసింది. ఎనభై ఏళ్ళ తర్వాత 2024 మే నెలలో గాజా ఒడ్డున తేలే పీర్ వేశారు, ఇరవై మూడు కోట్ల డాలర్ల లెక్క, పది రోజులు తిరక్కుండానే అలలకి ముక్కలైంది, మళ్ళీ అతికించారు, జులైలో చుట్టేసుకుని వెళ్ళిపోయారు. అన్నేసి విమానవాహక నౌకలున్న దేశం అది.

ఇంకో సంగతి, మన ఒడ్డు మీద మొదట బాంబులేసింది కూడా సముద్రం మీది విమానాలే. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళ ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచి కాకినాడ, విశాఖ రెండిటి మీదా వేసి పోయాయి. కాబట్టి విమానవాహక నౌక వద్దనట్లేదు నేను, అది లోతు నీళ్ళ సరుకు, దాన్ని తీసుకొచ్చి గోదారి మేటలో కట్టేయమనడం మాత్రం కుదరదంటున్నా.

పైగా ఈ విన్యాసాల్లో సగం యుద్ధం కోసం కూడా కాదు, విపత్తు సాయం కోసం. 1996 నవంబర్ తుఫాను మా కోనసీమ వాళ్ళెవరూ మర్చిపోరు, కొబ్బరి చెట్లు రోడ్ల మీద అడ్డంగా పడి ఊరికీ ఊరికీ సంబంధం లేదు, భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. నేను స్కూల్లో ఉన్నా అప్పుడు. హెలికాప్టర్ పొట్లాలు వేస్తే పరిగెత్తాం, సగం బురదలో పడి పోయాయి. ఒడ్డుకి ఆనే ఓడ ఒకటి వస్తే బుల్డోజర్, జనరేటర్, నీళ్ళ ట్యాంకర్ ఒక్కసారే దిగుతాయి, పొట్లాలు ఏ మూలకి?

నా లెక్కలో మన నేవీకి ఇప్పుడున్న పెద్ద లోటు ఇదే. జలాశ్వ లాంటివి ఇంకో నాలుగు కావాలని ఏళ్ళ తరబడి అనుకుంటూనే ఉన్నారు, టెండర్లు పిలిచారు, రద్దు చేశారు. మూడో విమానవాహక నౌక మీద టీవీల్లో గంటలు గంటలు కొట్టుకుంటారు, వీటి ఊసే ఎత్తరు. జలాశ్వ 2007లో మనం అమెరికా దగ్గర కొన్న సెకండ్ హ్యాండ్ ఓడ, వాళ్ళ నేవీలో అది చేరింది 1971లో, నేను పుట్టకముందే.

కామెంట్స్‌లో ఎవరో విన్యాసాలు చూడ్డానికి వెళ్ళొచ్చా అని అడిగారు. దింపే చోటికి రానివ్వరండి, ఆ రోజుల్లో బోట్లని కూడా అటు వెళ్ళొద్దని ముందే చెప్తారు. ఓడలు చూడాలనుంటే డిసెంబర్ 4 నేవీ డే సందర్భంగా వైజాగ్ ఆర్కే బీచ్‌లో ప్రదర్శన పెట్టే సంవత్సరాల్లో వెళ్ళండి, మధ్యాహ్నానికే చేరుకుని చోటు చూసుకోవాలి, సాయంత్రానికి బీచ్ రోడ్డు మీద కాలు పెట్టే సందుండదు.