బత్తాయి తొక్కల పొడి కలిపితే బోరు నీళ్లలో సీసం పోతుందా?

మహబూబ్‌నగర్ పక్కన మీ బోరుకు దగ్గర్లో పాత బ్యాటరీలు విప్పే షెడ్డు ఉందని, తొక్కల పొడి కలిపి వడగట్టి ఆ నీళ్లు తాగొచ్చా అని అడిగారు. తాగొద్దండి. తొక్క సీసాన్ని పట్టుకునే మాట నిజమే, నల్లగొండలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు నా ప్రాజెక్టు ఇదే, కానీ ఇంట్లో డ్రమ్ములో చేసుకునే పని కాదిది.

జ్యూస్ బండ్ల దగ్గర తొక్కలు బస్తాల్లో తెచ్చి, ఎండబెట్టి, మిక్సీ పట్టి జల్లించేవాళ్లం. ఆ పొడి నేరుగా వేస్తే నీళ్లు పసుప్పచ్చగా మారి మర్నాటికి పులిసిన వాసన కొడతాయి, అందుకే రంగు దిగడం ఆగేదాకా వేడినీళ్లతో కడిగి మళ్లీ ఆరబెట్టాలి. తొక్కలో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఎక్కువ. దానిలోని కార్బాక్సిల్ గ్రూపులు, అంటే ఆమ్ల గుణమున్న భాగాలు, ధనావేశం ఉన్న సీసం, కాడ్మియం, రాగి అయాన్లను పట్టుకుని బదులుగా కాల్షియం, హైడ్రోజన్ అయాన్లను వదిలేస్తాయి. రాగితో అయితే కంటికే కనిపిస్తుంది: బత్తాయి తోటలకు కొట్టే బోర్డో మిశ్రమంలో వాడే మైలుతుత్తం చిటికెడు కరిగించి, ఆ నీలి నీళ్లలో పొడి సరిపడా వేసి గంటసేపు కలిపి వడగడితే నీలం బాగా పలచబడుతుంది. ఉల్లిపొట్టు, ఊక కూడా ఇలాగే పనిచేస్తాయి, కాకపోతే వాటిలో పెక్టిన్ తక్కువ.

అసలు చిక్కు మన బోరు నీళ్లతోనే. డిస్టిల్డ్ వాటర్‌లో బ్రహ్మాండంగా పనిచేసిన పొడి బోరు నీళ్లలో వెనకబడింది, ఎందుకంటే ఈ నీళ్లలో దండిగా ఉండే కాల్షియం, మెగ్నీషియం కూడా తొక్కలో సీసం అతుక్కునే చోట్ల కోసమే పోటీ పడతాయి. ఫ్లోరైడ్‌కు ఇది అస్సలు పనికిరాదు, అది లోహం కాదు, ఋణావేశం ఉన్నది, దానికి పటిక, సున్నంతో చేసే నల్లగొండ పద్ధతి వేరే ఉంది. హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియం లోహపు విషపూరిత రూపం) కూడా నీళ్లలో ఋణావేశంతోనే ఉంటుంది, పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 2 దాకా దించితేనే తొక్కకు బాగా పడుతుంది, అంత పుల్లటి నీళ్లు ఎవరు తాగుతారు?

తాగే నీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. అంత కొంచెం రంగులో, రుచిలో తెలియదు, టీడీఎస్ మీటర్ కూడా విడిగా చూపించదు, మరిగిస్తే పోదు సరికదా ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి పొడి ఎంత తీసిందో, ఎంత మిగిల్చిందో ఇంట్లో తెలుసుకునే దారే లేదు. పిల్లల మెదడు మీద సీసం చాలా తక్కువ మోతాదులోనే దెబ్బ తీస్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇంకో మాట. వాడేసిన పొడిలో సీసం అలాగే ఉంటుంది, పెంటకుప్ప మీద పారేస్తే పొలంలోకి చేరుతుంది, మేకలు తినేస్తాయి కూడా.

ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు సీసం, కాడ్మియం పేర్లు రాసి మరీ అడగండి, మామూలు టెస్టులో అవి చూడరు. రిపోర్ట్ వచ్చేదాకా తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నీళ్లే వాడండి. అంకెలు వచ్చాక ఇక్కడ పెడితే ఏ ఫిల్టర్ సరిపోతుందో చూద్దాం.