అన్నిటినీ ముందు మిత్తి లెక్కలోకి మార్చుకో చెల్లె

నువ్వు అడిగింది ఇదీ. కల్వకుర్తి నుంచి హైదరాబాద్ వచ్చి తొలి ఉద్యోగంలో చేరావు. ఆఫర్ లెటర్లో 20 వేలు ఉంటే చేతికి 17 వేల లోపే పడ్డాయి. ఈఎంఐ, సిబిల్, ఎస్‌ఐపీ, పీఎఫ్ ఏదీ అర్థం కాక టెన్షన్‌గా ఉంది. 24 వేల ఫోన్ జీరో కాస్ట్ ఈఎంఐలో, అంటే మిత్తి లేదని చెప్పే నెలవారీ కిస్తీల్లో, తీసుకోవచ్చా అని కూడా అడిగావు.

మాది జడ్చర్ల దగ్గరి ఊరు. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నేనూ కామర్స్ చదవలేదు. నాకు ఈ లెక్కలు నేర్పింది మా నాయిన. ఆయనకు సంతకం తప్ప చదువు రాదు.

మన ఊళ్ళలో అప్పు మాట్లాడేటప్పుడు శాతాలు చెప్పరు కదా. నూటికి నెలకు ఎన్ని రూపాయలు, అంతే. బాదేపల్లి మార్కెట్లో అడ్తి (పంట అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి) దగ్గర నాయిన పత్తి విత్తనాలకు, మందులకు మూడు రూపాయల మిత్తికి, అదే వడ్డీకి, తెచ్చేవాడు. అంటే ఏడాదికి 36 శాతం. ఆ లెక్క నీ చెవిన కూడా చిన్నప్పటి నుంచీ పడే ఉంటుంది. బ్యాంకు వాళ్ళు ఏడాదికి ఎంత శాతం చెప్పినా పన్నెండుతో భాగించు, మన మిత్తి వచ్చేస్తుంది. ఎఫ్‌డీకి (బ్యాంకులో గడువు పెట్టి దాచే డబ్బుకు) ఆరేడు శాతం ఇస్తే అది యాభై, అరవై పైసల మిత్తి. ఇట్లా మార్చుకున్నాక ఏది చవక, ఏది ప్రియం అన్నది ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను స్కూటీ తీసుకున్నాను. 60 వేలు ఫైనాన్స్, 24 నెలలు. షోరూమ్‌లో కూర్చున్న ఏజెంట్ "పన్నెండు శాతమే మేడం, రూపాయి మిత్తి" అన్నాడు. నెలకు 3,100 కిస్తీ. సంబరంగా ఇంటికొచ్చి చెప్పాను. నాయిన కాసేపు వేళ్ళ మీద లెక్కేసుకుని, "ఏడాది పోయేసరికి సగం అసలు కట్టేస్తవు గద బిడ్డా, మరి రెండో ఏడు గూడ అరవై వేలకే మిత్తి ఎందుకు కట్టాలె?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పటికే సంతకాలు అయిపోయాయి.

దాన్నే ఫ్లాట్ రేటు అంటారు. మొత్తం 60 వేలకు రెండేళ్ళ మిత్తి 14,400 ముందే కలిపేసి, ఆ 74,400ను 24 భాగాలు చేస్తారు. నెలనెలా అసలు తగ్గుతున్నా మిత్తి తగ్గదు. తగ్గిన అసలు మీదనే మిత్తి వేసేదాన్ని రెడ్యూసింగ్ బ్యాలెన్స్ అంటారు. అదే 12 శాతం ఆ పద్ధతిలో అయితే కిస్తీ 2,825 లోపే. రెండేళ్ళకు దాదాపు 6,600 తేడా. నేను కట్టింది నిజానికి ఏడాదికి 21 శాతం పైన, అంటే రూపాయి ఎనభై పైసల మిత్తి. ఆ డబ్బు పోయినందుకు కంటే, నాయిన ఒక్క నిమిషంలో పట్టుకున్నది నేను డిగ్రీ చదివీ అడగలేదే అని చాలా రోజులు బాధపడ్డాను.

ఇప్పుడు నీకు ఒక వెసులుబాటు ఉంది. 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇలాంటి కిస్తీల అప్పులకు 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం పెట్టింది. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. మిత్తి, ప్రాసెసింగ్ ఫీజు లాంటి ఖర్చులు కలిపి ఏడాదికి నిజంగా పడే భారం అదే. దాన్ని పన్నెండుతో భాగించు. సంతకం పెట్టే ముందు ఆ కాగితం అడిగి తీసుకో. ఇవ్వకపోతే లేచి వచ్చెయ్.

క్రెడిట్ కార్డు గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. గడువులోపు బిల్లు మొత్తం కడితే మామూలు కొనుగోళ్ళకు మిత్తి లేదు. కానీ బిల్లు మీద 'మినిమమ్ డ్యూ' అని చిన్న అంకె ఉంటుంది. నేను 20 వేల బిల్లుకు వెయ్యి కట్టి ఊరుకున్నాను. కార్డు మిత్తి నెలకు మూడున్నర రూపాయలు, అంటే 700. దాని మీద 18 శాతం జీఎస్టీ 126. నేను కట్టిన వెయ్యిలో 826 అక్కడే పోయింది, అసలు తగ్గింది 174. పైగా బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా ఏం కొన్నా ఆ రోజు నుంచే మిత్తి. అడ్తి దగ్గర నాయిన తెచ్చిన మూడు రూపాయల కంటే ఎక్కువ! చిట్టీ ఎత్తి ఆ బాకీ తీర్చాను.

ఇక నీ జీతం. ఆ మిగతా మూడు వేలు ఎవరూ తినెయ్యలేదు. నీ బేసిక్, అంటే మూల వేతనం, 12 వేలు అనుకుందాం. అందులో 12 శాతం, 1,440, నీ పీఎఫ్, అంటే రిటైరయ్యాక పనికొచ్చేలా నీ పేరున దాచే డబ్బు. కంపెనీ కూడా అంతే వేస్తుంది, చాలా కంపెనీలు దాన్ని కూడా ఆ 20 వేలలోనే చూపిస్తాయి. కంపెనీ వాటాలో దాదాపు వెయ్యి పెన్షన్‌కు పోతుంది, మిగతాది నీ పీఎఫ్‌లోకే. 2024-25కు పీఎఫ్ మీద 8.25 శాతం ఇచ్చారు, దాదాపు డెబ్బై పైసల మిత్తి. ఉద్యోగం మారినప్పుడు దాన్ని తీసెయ్యకు, అదే యూఏఎన్ (కంపెనీ మారినా మారని నీ పీఎఫ్ నంబర్) మీద కొత్త కంపెనీకి మార్పించుకో. ఇంకో 150 మన రాష్ట్రంలో వృత్తి పన్ను. జీతం 21 వేల లోపు కాబట్టి ఈఎస్‌ఐకి కొంత కోస్తారు. ఉద్యోగులకు వైద్యం చేయించే బీమా అది. ఆ కార్డు తప్పకుండా చేయించుకో, నీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నల పేర్లు కూడా ఎక్కించు. మా అమ్మ ఆపరేషన్‌కు మేం అప్పు చేయకుండా బయటపడింది దానివల్లే.

సిబిల్ స్కోరు అంటే నువ్వు అప్పులు ఎట్లా కడుతున్నావో చెప్పే అంకె, 300 నుంచి 900 వరకు. కిస్తీ తప్పితే పడిపోతుంది. ఎవరికైనా షూరిటీ సంతకం పెట్టి వాళ్ళు కట్టకపోయినా నీ దానికే దెబ్బ, డబ్బు కూడా నిన్నే అడగవచ్చు. స్నేహితురాలైనా సరే ఇప్పుడే పెట్టకు.

ఎస్‌ఐపీ అనేది పథకం పేరు కాదు, అందరి డబ్బు పోగుచేసి షేర్ల లాంటివాటిలో పెట్టే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత వేసే పద్ధతి. దీనికి మాత్రం మిత్తి లెక్క పనిచేయదు. మార్కెట్‌తో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. "నెలకు రెండు రూపాయలు గ్యారంటీ" అని ఎవరైనా అంటే మోసమనే అనుకో. నీ మూడు నెలల ఖర్చు ఆపతికి విడిగా బ్యాంకులో చేరాకే ఎస్‌ఐపీ మొదలుపెట్టు. ఈలోపు బ్యాంకులో 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా రాయించుకో. ఏడాదికి ఒకసారి కడితే చాలు, ఒక్కోటి 2 లక్షలకు.

ఫోన్ విషయానికి వస్తే, ముందు దుకాణంలో "మొత్తం ఒకేసారి కడితే ఎంత?" అని అడుగు. 22,500కు ఇస్తామంటే, ఈఎంఐలో నువ్వు నెలకు నాలుగు వేల చొప్పున ఆరు నెలలు కట్టే ఆ 24 వేలలో 1,500 మిత్తే. లెక్కేస్తే రూపాయి ఎనభై ఐదు పైసలు దాటుతుంది. పాత ఫోన్ పనిచేస్తుంటే ఆ నాలుగు వేలు, బ్యాంకులో నెలనెలా పొదుపు చేసే ఆర్‌డీలో వేసుకో. ఆరో నెలకు ఫోన్ నగదుకే వస్తుంది, 1,500 నీ దగ్గరే ఉంటాయి.