డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకి కాలేజీ స్కాలర్‌షిప్ ఉందా?

ఉంది, ఇంటర్ నుంచి పీజీ దాకా కేంద్రం దివ్యాంగులకిచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి వీళ్లూ అర్హులే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో డౌన్ సిండ్రోమ్ పేరు విడిగా లేదు, మేధో వైకల్యం కింద లెక్కిస్తారు. వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి, తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు.

ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం కాలేజీకి వెళ్లే అమ్మాయికి 50 శాతం, ఇంట్లో ఆదాయం 1.8 లక్షలు అనుకోండి. యూడీఐడీ కార్డుతో, అంటే ప్రభుత్వం దివ్యాంగులకిచ్చే గుర్తింపు కార్డుతో, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. కాలేజీవాళ్లు ఆన్‌లైన్‌లో ధ్రువీకరించకపోతే అక్కడే ఆగిపోతుంది, వెంటపడి చేయించుకోవాలి.

క్రోమోజోమ్ పరీక్ష రిపోర్టు ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. చాలదు. అది జబ్బేమిటో చెబుతుంది, శాతం చెప్పదు.