పురుగుమందు తాగి వచ్చిన మనిషికి అట్రోపిన్ ఇచ్చేటప్పుడు

చిరంజీవి లావణ్యకు, పెద్దనాన్న ఆశీస్సులు.

పత్తి పండే ప్రాంతంలో ఏరియా ఆసుపత్రికి నీకు పోస్టింగ్ వచ్చిందని నాన్న చెప్పాడు. అక్కడ క్యాజువాలిటీకి పురుగుమందు తాగినవాళ్లు తరచూ వస్తారు. అర్ధరాత్రి పుస్తకం తిరగేసే తీరిక ఉండదు కాబట్టి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ సంగతి ఇప్పుడే రాస్తున్నాను.

మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు నరాల సంకేతాలను మోసే అసిటైల్‌కోలిన్‌ను విడగొట్టే ఎంజైమును పనిచేయనివ్వవు. దాంతో అసిటైల్‌కోలిన్ పేరుకుపోయి గ్రంథులు, గుండె, శ్వాసనాళాల్లో దాన్ని అందుకునే మస్కరినిక్ గ్రాహకాలను అదే పనిగా ప్రేరేపిస్తుంది. నోట చొంగ, ఒళ్లంతా చెమట, వాంతులు, విరేచనాలు, సూదిమొనంత కంటిపాపలు, మందగించిన నాడి అన్నీ దాని ఫలితమే. వీటన్నిటికన్నా ముందు ప్రాణం తీసేవి ఊపిరితిత్తుల్లో ఊరే ద్రవం, బిగుసుకుపోయే శ్వాసనాళాలు. అట్రోపిన్ వెళ్లి ఆ గ్రాహకాలలోనే కూర్చుంటుంది. బస్సులో సీట్ల కోసం తోపులాట వంటిదే ఇది, ఎవరు ఎక్కువమంది ఉంటే సీట్లు వాళ్లవి. గుండె నెమ్మదించిన రోగికి ఇచ్చే మోతాదు ఇక్కడ ఏ మూలకూ చాలకపోవడానికి కారణం అదే.

మన ఆంపూల్‌లో 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దవాళ్లకు మూడు నుంచి ఐదు ఆంపూళ్లు ఒకేసారి సిరలోకి ఇవ్వు. ఐదు నిమిషాలకు ఛాతీ విను. మెరుగు లేకపోతే మోతాదు రెట్టింపు చెయ్యి, ఐదు నిమిషాలకు మళ్లీ రెట్టింపు. ఆ అంకె చూసి చెయ్యి వణకనివ్వకు. ఈలోగా ఎడమ పక్కకు పడుకోబెట్టి, గొంతులో చేరింది సక్షన్‌తో తీయించి, ఆక్సిజన్ పెట్టించు. సిలిండర్ రావడం ఆలస్యమైతే దాని కోసం అట్రోపిన్ ఆపకు.

ఎక్కడ ఆగాలన్నది మాత్రం ఛాతీ చెబుతుంది. రెండు పక్కలా గురగుర, పిల్లికూతలు పోవాలి. నాడి, పై రక్తపోటు రెండూ 80 దాటాలి. చంక తడిమితే పొడిగా ఉండాలి. కంటిపాపలు ఆలస్యంగా తెరుచుకుంటాయి, వాటి కోసం ఎదురుచూడకు. నాడి అప్పటికే 120 ఉందని భయపడి అట్రోపిన్ ఆపేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఊపిరి అందకపోయినా, ఒంట్లో నీరు తగ్గినా నాడి వేగంగానే ఉంటుంది. కుడి పక్క కింద ఒక్కచోటే శబ్దం మిగిలితే వాంతి ఊపిరితిత్తిలోకి పోయి ఉండవచ్చు, అది అట్రోపిన్‌తో పోదు.

ఛాతీ శుభ్రపడ్డాక, అప్పటిదాకా ఇచ్చిన మొత్తంలో పది నుంచి ఇరవై శాతం గంటకు చొప్పున డ్రిప్‌లో పెట్టు. ఆ తర్వాత ఎక్కువైందా అన్నది చూడాలి. ఒళ్లు కాలిపోతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, గాలిలో ఏదో పట్టుకోబోతూ, మూత్రం బిగిసి, పేగుల చప్పుడు వినిపించకపోతే డ్రిప్ ఆపు. ఉమ్మెత్త కాయలు తిన్నవాళ్లలోనూ ఇదే కనబడుతుంది, అందులోనివీ ఈ జాతి ఆల్కలాయిడ్లే. నెమ్మదించాక తక్కువ వేగంతో మళ్లీ మొదలుపెట్టు. పిచ్చెక్కిందేమోనని ఇంటివాళ్లు హడలిపోతారు, వాళ్లకు విడమరచి చెప్పు.

కండరాల మీదుండే నికోటినిక్ గ్రాహకాల జోలికి అట్రోపిన్ పోదు. కండరాల అదురు, నీరసం దానితో తగ్గవు. ఆ ఎంజైమును తిరిగి పనిచేయించడానికి ఇచ్చే ప్రాలిడాక్సిమ్ విషయంలో పెద్దల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. మీ యూనిట్ పద్ధతి పాటించు, అట్రోపిన్‌కు బదులుగా మాత్రం దాన్ని ఎన్నడూ అనుకోకు. నన్ను ఎక్కువగా భయపెట్టేవి రెండో, మూడో, నాలుగో రోజులు. మనిషి లేచి మాట్లాడుతుంటాడు, అందరూ గండం గడిచిందనుకుంటారు, అప్పుడు శ్వాస కండరాలు చచ్చుబడతాయి. రౌండుకు వెళ్లినప్పుడల్లా దిండు మీది నుంచి తల ఎత్తమను. ఎత్తలేకపోతే వెంటిలేటర్ ఉన్న చోటికి వెంటనే ఫోను చెయ్యి.

మందు తడిసిన బట్టలు తీయించి, సబ్బునీళ్లతో ఒళ్లు కడిగించు. ఆ పని చేసేవాళ్లకు గ్లవ్స్ ఉండాలి. కోలుకున్న మనిషిని మనోవైద్యుడికి చూపించకుండా ఇంటికి పంపకు. నీ ముందు ఎవరైనా ఆ మనిషిని తిడితే అక్కడే ఆపు.

చేరిన రోజే చార్జి సిస్టర్‌తో కూర్చుని అట్రోపిన్ నిల్వ లెక్క చూడు. మూడుతో మొదలుపెట్టి మూడుసార్లు రెట్టింపు చేస్తే పావుగంటలో నలభై ఐదు ఆంపూళ్లు అయిపోతాయి, అదీ ఒక్క రోగికి.

నీ పెద్దనాన్న