సినిమా సంగీతం మీద రాసేవాళ్ళకి ఆర్ట్ గ్యాలరీలో ఏం పని?

పాటల గురించి, నేపథ్య సంగీతం గురించి రాసే మనిషి సమకాలీన కళ జోలికి ఎందుకు పోవాలి, రెండిటికీ పొంతనేముంది అని కదా మీ ప్రశ్న. నేనూ చాన్నాళ్ళు అలాగే అనుకున్నాను. చీకటి గదిలో ఒక తెర, బయట గోడ మీద కొరుకుడుపడని నాలుగు వాక్యాలు. రీరికార్డింగ్ గురించి రాసుకునేవాణ్ణి, నాకెందుకులే ఇదంతా అని.

ఆ మాట వెనక్కి తీసుకునేలా చేసింది డగ్లస్ గోర్డన్ అనే కళాకారుడి 1993 నాటి వీడియో కళాకృతి '24 అవర్ సైకో'. హిచ్‌కాక్ సినిమా 'సైకో'ని సెకనుకి దాదాపు రెండు ఫ్రేముల చొప్పున సాగదీసి, 24 గంటలు నడిచేలా చేశాడు. శబ్దం అసలు లేదు. (మొత్తం చూశానని కోతలు కోయను, ముప్పావుగంట ఉన్నానేమో.) నేను వెళ్ళేసరికి షవర్ కింద హత్య జరిగే దృశ్యం నడుస్తోంది. కత్తి పైకి లేవడానికే యుగం పట్టింది. తమాషా ఏమిటంటే, చప్పుడే లేని ఆ గదిలో నాకు వయొలిన్ల కీచుమోత వినబడుతూనే ఉంది! ఆ దృశ్యానికి సంగీతమే వద్దని మొదట అనుకున్న హిచ్‌కాక్, కేవలం తంత్రీ వాద్యాలతో సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ చేసింది విన్నాక మనసు మార్చుకున్నాడు. ఈ కథ నేను అప్పటికే రెండు మూడు వ్యాసాల్లో వాడేసుకున్నాను కూడా. ఆ సంగీతం బొమ్మలోకి ఎంత ఇంకిపోయిందో మాత్రం, దాన్ని తీసేసిన చోట నిలబడ్డాకే తెలిసింది.

అదే గోర్డన్ 1999లో దీన్ని తిరగేశాడు. 'ఫీచర్ ఫిల్మ్' అనే కృతిలో జేమ్స్ కాన్లన్ అనే ఆర్కెస్ట్రా కండక్టర్, హిచ్‌కాక్ మరో సినిమా 'వర్టిగో' సంగీతాన్ని నడిపిస్తుంటాడు. అదీ హెర్మన్‌దే. కెమెరా ఆయన చేతుల్నీ ముఖాన్నీ పట్టుకుని వదలదు. కథ లేదు. అయినా ఆ వేళ్ళు కాస్త బిగుసుకుంటే చాలు, ఏదో కీడు జరగబోతోందని గుండె ఝల్లుమంటుంది.

జానెట్ కార్డిఫ్ అనే కళాకారిణి చేసిన బృందగాన కృతి 'ఫార్టీ పార్ట్ మోటెట్' (2001)కి సినిమాతో సంబంధం లేదు. 40 స్పీకర్లు, ఒక్కోదాంట్లో ఒక్క గొంతు. సినిమాలో ఏ గొంతు ముందుండాలో మిక్సింగ్ చేసేవాళ్ళు తేలుస్తారు, ఇక్కడ ఏ స్పీకరు దగ్గరికి నడుస్తామో ఆ మన కాళ్ళు తేలుస్తాయి.

మీరూ ఇలాంటి కళ గురించి రాయడం మొదలుపెడితే గోడ మీది రాతలు తర్వాత చదవండి. ముందు కళ్ళు మూసుకుని వినండి, ఏ శబ్దం ఎటునుంచి వస్తోందో. నా మొదటి సమీక్షలో ఆ పని చెయ్యక, పక్కగదిలోంచి వచ్చే హోరుని నేను చూస్తున్న వీడియోదే అనుకుని ఒక పేరా నిండా పొగిడాను. ఎడిటర్ ఫోన్ చేసి మెల్లిగా అడిగారు: "ఏమండీ, ఆ వీడియోకి శబ్దమే లేదటగా?"